మునిసిపల్ బడిలో చేరిన మా అబ్బాయి మాట్లాడడం మానేశాడు

ప్రశ్న: మాది నెల్లూరు. మా వారు ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుని సాగు చేసేవారు. వరుసగా రెండు పంటలు దెబ్బతిని అప్పులు మిగలడంతో, మా అబ్బాయిని కార్పొరేట్ బడి మాన్పించి ఈ జూన్‌లో మునిసిపల్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేర్చాము. బంధువులకు మాత్రం ఇంకా పాత బడిలోనే ఉన్నాడని చెబుతున్నాము. బడిలో ఇచ్చిన బ్యాగు బీరువాలో పెట్టి పాత బ్యాగే ఇచ్చి పంపుతున్నాను. అక్కడి అన్నం తినవద్దని మా అత్తగారు గట్టిగా చెప్పడంతో క్యారియర్ కడుతున్నాను. తోటి పిల్లలు పాత బడి పేరుతో పిలిచి ఏడిపిస్తున్నారట. పెన్నా ఒడ్డున ఉండే ఒక యానాది (గిరిజన) అబ్బాయితో మాత్రం స్నేహం కుదిరింది. దసరా సెలవుల్లో వాళ్లింటికి వెళ్లి అన్నం తిని వచ్చాడని తెలిసి, స్నానం చేసేదాకా అత్తగారు లోపలికి రానివ్వలేదు. మా వారు కొట్టారు. అప్పటి నుంచి వాడు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. అప్పు చేసైనా పాత బడికి మార్చమంటారా, ఒంగోలులో మా ఆడపడుచు దగ్గర ఉంచి చదివించమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో మీ అబ్బాయి బడి గురించి చెప్పిన ఫిర్యాదు, తోటి పిల్లల ఎగతాళి తప్ప, మరొకటి నాకు కనబడలేదు. వాడు మాట మానేసింది బడి మారిన జూన్‌లో కాదు, దసరా సెలవుల్లో. ఈ తేడాను మీరే రాశారు గానీ గమనించినట్లు లేదు. కాబట్టి బడి మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టమని కోరుతున్నాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పాను. ఊరి మధ్యనున్న పెద్ద బడిలోకి కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొదటి నెలలు కష్టంగానే గడుస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, సముద్రతీరపు పట్టపుపాళేల (మత్స్యకారుల ఊళ్ల) నుంచి వచ్చి చుట్టాలిళ్లలో ఉండి చదివే పిల్లలు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి పనుల కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు, తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసి బడికి వచ్చేవాళ్లు, అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. ఈ గుంపులో కొత్తవాడు ముందుగా వెతుక్కునేది తనను పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషిని. మీ వాడికి ఆ మనిషి దొరికాడు. ఆ స్నేహాన్నే మీ ఇంట్లో నేరంగా చూశారు.

ఇక ఎగతాళి సంగతి. వాణ్ణి పాత బడి పేరుతో ఎందుకు పిలుస్తున్నారో ఒకసారి ఆలోచించండి. అందరి భుజాన ఒకే రకం బ్యాగు ఉన్నచోట వాడి భుజాన మాత్రం ఆ బడి పేరున్న బ్యాగు ఉంటుంది. అందరూ వరుసలో నిలబడి పళ్లెం పట్టుకునే వేళ వాడు క్యారియర్ విప్పుకుని విడిగా కూర్చోవలసి వస్తుంది. పిల్లలకు అది ఎలా అర్థమవుతుందో చెప్పనక్కరలేదు: 'మీతో కలిసి తినడం మాకు ఇష్టం లేదు' అని వాడి చేత ప్రతి మధ్యాహ్నం మీరే చెప్పిస్తున్నారు. వారానికి ఐదు కోడిగుడ్లు, రోజు విడిచి రోజు చిక్కీ, రాగిజావ ఇచ్చే భోజనం అది. రుచి విషయంలో సందేహముంటే మీరే ఒకరోజు బడికి వెళ్లి తిని చూడండి. రేపటి నుంచి బీరువాలోని బ్యాగు బయటికి తీయండి, క్యారియర్ మానేయండి. ఎగతాళి ఒక్కరోజులో ఆగిపోతుందని హామీ ఇవ్వలేను గానీ, దానికి మూలం మాత్రం తెగుతుంది. పెద్ద తరగతుల పిల్లలు కొట్టడం, డబ్బులు అడగడం వంటివి కూడా ఉన్నాయేమో మెల్లగా అడగండి. ఉంటే ఆలస్యం చేయకుండా తరగతి ఉపాధ్యాయునికీ ప్రధానోపాధ్యాయునికీ చెప్పండి. అవసరమైతే పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

మీ అత్తగారి విషయంలో మీరు ఇబ్బందిపడుతున్నారని అర్థమవుతోంది. ఆవిడ పెరిగిన కాలంలో యానాదులను ఊరి వెలుపల ఉంచడం అందరికీ మామూలు విషయం. ఆ కాలంలోనే వారి పక్షాన జీవితమంతా నిలబడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు కూడా మన జిల్లా వారే. 1973లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. ఏటా మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర ముక్కూమొహం తెలియని వారి చేతి రొట్టె తీసుకుని కళ్లకద్దుకునే ఊరు మనది. ఈ మాటలు ఆవిడతో తగవు పెట్టుకోవడానికి చెప్పడం లేదు. పెద్దావిడ మనసు మారకపోవచ్చు. కానీ మనవడు ఎవరితో తినాలో, ఎవరి ఇంటికి వెళ్లాలో ఇకమీదట తల్లిదండ్రులుగా మీరిద్దరే చూసుకుంటారని మర్యాదగా, స్పష్టంగా ఆవిడకు చెప్పవలసింది మీ వారు.

మీ వారి మీద నాకు కోపం లేదు. చెరువులో పోసిన డబ్బు కళ్ల ముందే పోతుంటే నిలబడిన మనిషి ఆయన. ఆ ఓటమిని ఆయన కొడుకు యూనిఫాంలో చూస్తున్నారని నాకనిపిస్తోంది. మీరు బంధువులకు చెప్పే అబద్ధం వింటున్న పిల్లవాడికి కూడా, తాను చదివే బడి దాచవలసినదనీ, అక్కడ చదివే తానూ దాచవలసినవాడినేననీ అనిపిస్తుంది. దెబ్బ కన్నా ఇది ఎక్కువ బాధపెడుతుంది. ఆయన వాణ్ణి ఒంటరిగా, వీలైతే సాయంత్రం ఇంటి బయటికి తీసుకువెళ్లి, కొట్టడం తన తప్పని ఒప్పుకోవాలి. 'నువ్వు కూడా చెప్పకుండా వెళ్లావు కదా' అని దానికి తోక తగిలించకూడదు. వాడు వెంటనే పలకకపోయినా తొందరపెట్టవద్దు. ఆ తరువాత మీ ఇంటికి ఎవరు వచ్చి అడిగినా, వాడు వింటుండగా, ఏ బడిలో చదువుతున్నాడో ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

చదువు గురించిన భయం మీ ఉత్తరంలో పైకి కనిపించకపోయినా లోపల ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష ఉంటుంది. ఏడాదికి 3.5 లక్షల రూపాయలలోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు సంగతి వెంటనే తరగతి ఉపాధ్యాయుణ్ణి అడగండి. ఒంగోలుతో సహా మన రాష్ట్రంలోని రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయం (ఆర్‌జీయూకేటీ) ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు, అందులో ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. అప్పు చేసి కట్టే ఫీజుతో ఇవి రావు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కనుక మీరు కూడా పక్కన కూర్చుని చదివించగలరు. తల్లిదండ్రుల సమావేశానికి మీతోపాటు ఆయన కూడా తప్పక వెళ్లాలి.

ఒంగోలు పంపవద్దు. తప్పు చేశాను కాబట్టి నన్ను వెళ్లగొట్టారని వాడు అనుకుంటాడు. వచ్చే వేసవిలో, ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాక, ఏ బడిలో చదవాలని ఉందో వాణ్ణే అడగండి, అప్పుడు చెప్పిన మాటకు విలువ ఇవ్వండి.

ఇంకొక పని మిగిలింది. దసరాకి జరిగింది ఆ యానాది అబ్బాయికి తెలియకుండా ఉండదు. ఒక ఆదివారం వాణ్ణి మీ ఇంటికి భోజనానికి పిలవండి. వాళ్ల అమ్మకు మీరే స్వయంగా వెళ్లి చెప్పి రండి, మీ బిడ్డకు అన్నం పెట్టిన తల్లి ఆవిడ.