కారు రేడియోలో గరగర

ప్రశ్న: రోజూ పాత పెట్రోలు కారులో గుంటూరు నుంచి విజయవాడ వస్తాను. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ పెడితే విజయవాడ ఆకాశవాణి కంటే గరగరే ఎక్కువ. ఎఫ్ఎం బాగానే ఉంది. కొత్త సెట్ కొనాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆగండి, అప్పుడే డబ్బు తీయకండి. ఇంజిన్ ఆపి, తాళం రేడియో వరకే తిప్పి వినండి. గరగర పోయిందంటే సెట్టు మంచిదే. ఇంజిన్ నడుస్తుండగా యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఈలలాంటి మోత పెరిగితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, టకటకలు వేగం పుంజుకుంటే స్పార్క్ ప్లగ్ వైర్లని అనుమానించాలి. గరగరని అణిచే రెసిస్టర్ ఉన్న ప్లగ్గులు, వైర్లు వేయించండి. మీడియం వేవ్ వాడే పద్ధతి ఏఎం. ఏఎంలో మాట తరంగం ఎత్తుపల్లాల మీదే ప్రయాణిస్తుంది. ప్లగ్గు నిప్పురవ్వ చెడగొట్టేదీ ఆ ఎత్తునే. ఎఫ్ఎం ఎత్తును పట్టించుకోదు, అందుకే మీకు శుభ్రంగా వినిపిస్తోంది.

ఇంజిన్ ఆపినా గరగర ఉంటే మొబైల్ చార్జర్ పీకి చూడండి. ఆటోనగర్‌లో నా షెడ్డుకొచ్చే బండ్లలో చాలాసార్లు దొంగ అదే! తర్వాత యాంటెన్నా అడుగుభాగం విప్పించండి. కింద తుప్పు పట్టి బాడీకి ఎర్త్ అందకపోతే ఏఎం నీరసపడిపోతుంది. తుప్పు గీకి, బిగిస్తే చాలు. ఈమధ్య స్టీరియో మార్పించి ఉంటే, యాంటెన్నా బూస్టర్‌కి కరెంటిచ్చే వైరు కలిపారో లేదో అడగండి. సాధారణంగా అది నీలం రంగులో ఉంటుంది.

కృష్ణా కెనాల్ దగ్గర రైలు తీగల కింద కాసేపు గరగరమంటే మాత్రం కారుని తిట్టకండి, అవి 25 వేల వోల్టుల తీగలు.