వడగళ్లకు చీలిన అరటి ఆకులు కోయవద్దు

ప్రశ్న: ఎకరంన్నరలో గ్రాండ్‌నైన్ అరటి వేశాను. మొన్న సాయంత్రం ఈదురుగాలితో వడగళ్ల వాన పడింది. కొన్ని చెట్లు గెలలతో సహా నడుముకు విరిగాయి. కొన్ని ఒరిగిపోయాయి. నిలిచిన వాటి ఆకులు పీలికలయ్యాయి, కాయలకు దెబ్బలు తగిలాయి. ఆకులు కోసి మందు కొట్టమని కొందరు, తోట దున్నేయమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: దయచేసి తోట దున్నవద్దు, చీలిన ఆకులు కోయవద్దు. పీలికలైనా పచ్చగా ఉన్నంతవరకు ఆ ఆకు గెలకు ఆహారం అందిస్తూనే ఉంటుంది. గెల నిండాలంటే చెట్టుకు ఏడెనిమిది ఆకులైనా ఉండాలి. ఉన్నవి మీరే కోసేస్తే వడగళ్లు మిగిల్చింది కూడా పోతుంది. ఈనె విరిగి వేలాడుతున్నవి, పూర్తిగా ఎండినవి మాత్రమే తీయండి.

అయితే తోటలో కత్తి పెట్టకముందే విరిగిన చెట్లకు ఫొటోలు తీసుకోండి. ఈరోజే రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుడికి చెప్పి, ప్రభుత్వ పంట నమోదు జాబితా ఈ-క్రాప్‌లో మీ అరటి నమోదై ఉందో లేదో చూసుకోండి. నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే పంట నష్టానికి ప్రభుత్వమిచ్చే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. మీ బీమాలో వడగళ్ల నష్టం చేరి ఉంటే 72 గంటల్లోపే తెలియజేయాలి. మొన్నటి వాన కాబట్టి గడువు ఎక్కువ లేదు.

విరిగిన చెట్ల గెలలో కాయను పట్టి చూడండి. అంచులు తగ్గి గుండ్రబడుతుంటే కోసి వెంటనే అమ్మేయండి. లేతగా ఉంటే కూరకు పోవలసిందే, ఆ గెల ఇక నిండదు. ఆ చెట్టును నేలమట్టంగా నరకకుండా రెండడుగుల మోడు ఉంచండి. అందులోని సారం పిలకకు చేరుతుంది. చెట్టు మొదలు దగ్గర బలమైన సూదిపిలక (కత్తిలా సన్నని ఆకులున్న పిలక) ఒక్కటి ఉంచి మిగిలినవి తీసేయండి. వచ్చే పంట దానిదే. ఒరిగినా వేళ్లు తెగని చెట్లను నెమ్మదిగా నిలబెట్టి, మట్టి ఎగదోసి, సరుగుడు వాసంతో పోటు పెట్టండి.

వడగళ్ల గాయాలే నాకు ఎక్కువ ఆందోళన. కాయ తొక్క మీద చిన్న నల్లమచ్చలా కనిపించే దెబ్బలోంచే కుళ్లు లోపలికి పోతుంది. తడి ఆరగానే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, జిగురు మందు కలిపి ఆకులు, గెలలు తడిచేలా పిచికారీ చేయండి. కొద్ది రోజుల్లో కోయబోయే గెలలకు మాత్రం ఏ మందూ వద్దు. తరువాత ఆకుమచ్చ కనిపిస్తే ప్రొపికొనజోల్ లీటరుకు 1 మి.లీ. చాలు. ఆకుల నీడ పోయిన గెలలకు ఎండదెబ్బ తగలకుండా ఎండిన అరటాకులు చుట్టండి.

మడిలో నీరుంటే కాలువ తీసి బయటికి పంపండి. నేల ఆరాక నిలిచిన ఒక్కో చెట్టుకు 100 గ్రాముల యూరియా, 80 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయండి. టానిక్కుల పేరుతో అమ్మే సీసాలకు ఇప్పుడు డబ్బు పెట్టవద్దు. ఆ సొమ్ముతో గెల వేసిన ప్రతి చెట్టుకూ ఒక పోటు కొనండి. మే నెలాఖరు దాకా మన వైపు ఈదురుగాలులు మళ్లీ వచ్చే అవకాశం ఉంది.