సస్పెన్స్ సినిమా వేసే ముందు హాలు చూసుకో, బిడ్డా

బిడ్డా,

ఆశీస్సులు. కాలేజీ సెమినార్ హాల్లో డిగ్రీ పిల్లలకు హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ తీసిన నలుపు తెలుపు సినిమా ‘సైకో’ వెయ్యబోతున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు సంబరమైంది. నల్లగొండ జిల్లాలో ఏళ్ళ తరబడి ప్రొజెక్టర్ తిప్పినవాణ్ణి, నా మేనకోడలు సినిమా వేస్తానంటే ఊరుకుంటానా? నువ్వు అడిగినవీ అడగనివీ అన్నీ రాస్తున్నాను.

మొదట టైమ్ సంగతి. మధ్యాహ్నం మూడింటికి వేస్తే పిల్లలకు బస్సులు అందుతాయని రాశావు. కనగల్, మునుగోడు, తిప్పర్తి వైపు నుంచి వచ్చిపోయే పిల్లలు ఎక్కువని నాకు ఎరుకే. అయినా మూడింటికి వద్దు. ఆ టైమ్‌లో వెంటిలేటర్లలోంచి, తలుపు సందుల్లోంచి వెలుతురు వస్తూనే ఉంటుంది. రంగుల సినిమా అయితే ఆ వెలుతురులో కూడా ఎంతో కొంత నెట్టుకొస్తుంది. నలుపు తెలుపు సినిమాకు అట్లా కుదరదు. ఏ ప్రొజెక్టరూ తెర మీద నలుపు వెయ్యలేదు, అది వేసేది వెలుతురు ఒక్కటే. వెలుతురు పడని చోటునే మన కన్ను నలుపు అనుకుంటుంది. హాల్లో వెలుతురుంటే ఆ నలుపంతా బూడిదరంగవుతుంది. ఈ సినిమాలో గుట్ట మీది ఇల్లు, మెట్లు, వెనక గదిలో గోడకున్న పక్షుల నీడలు అన్నీ ఆ నలుపులోనే ఉన్నాయి. అది పోతే ఇక పిల్లలకు చూపించేదేముంది?

డిసెంబర్‌లో మన దగ్గర ఆరు దాటేసరికి చీకటి పడుతుంది. సినిమా నిడివి 109 నిమిషాలు. ఆరుంబావుకు మొదలుపెడితే ఎనిమిది దాటగానే అయిపోతుంది. హాస్టల్ పిల్లలకు సాయంత్రం వెయ్యి. ఊళ్ళకు పోయేవాళ్ళకు ఇంకోరోజు పగలే వెయ్యక తప్పదు కాబట్టి టెంట్ హౌస్‌లో నల్ల పరదాలు అద్దెకు తెచ్చి, ముందురోజే కిటికీలకు, వెంటిలేటర్లకు కట్టించు. కట్టించాక లైట్లన్నీ ఆపి, జర సేపు ఆగి, చెయ్యి చాచి చూసుకో. వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఇంకో వరస పరదాలు కావాలి.

ఇక ప్రొజెక్టర్. మెనూలో డైనమిక్, వివిడ్ అని మెరిపించే మోడ్‌లు ఉంటాయి, వాటి జోలికి పోకు. సినిమా మోడ్ పెట్టి, కలర్ టెంపరేచర్, అంటే తెలుపు నీలం వైపు పోవాలా పసుపు వైపు పోవాలా అని సరిచేసేది, కొంచెం వార్మ్ వైపు, అంటే పసుపు వైపు జరుపు. నలుపు తెలుపు బొమ్మలో ఏ కొంచెం నీలమో ఆకుపచ్చో కలిసినా ఇట్టే తెలిసిపోతుంది. మా కాలంలో ప్రొజెక్టర్లలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట వెలిగే ఆర్క్ లైట్లు ఉండేవి. కార్బన్లు కాలేకొద్దీ వాటి మధ్య ఎడం పెరిగి వెలుతురు మారేది. కలర్ సినిమాలో ఆ తేడాను పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. నలుపు తెలుపు బొమ్మ పసుపెక్కితే మాత్రం నేల టికెట్టువాళ్ళే ముందు కేక వేసేవాళ్ళు. బొమ్మ సైజు సంగతి కూడా చూసుకో. ఈ సినిమా ఇప్పటి వైడ్ తెరకు ఇంచుమించు సరిపోతుంది, పైనా కిందా సన్నటి నల్లగీత మిగులుతుంది, దాన్ని అట్లాగే ఉండనివ్వు. ఇంకా పాత సినిమాలు దాదాపు చదరంగా ఉంటాయి. తెర నిండాలని వాటిని పక్కలకు సాగదీస్తే మొహాలన్నీ ఉబ్బిపోతాయి.

రీళ్ళ కాలంలో ఒక్కో పెద్ద రీలు 2,000 అడుగులు, ఇరవై నిమిషాల పైన నడిచేది. రీలు అయిపోవస్తుంటే తెరకు కుడి పై మూలన చుక్క పడేది. మొదటి చుక్కకు, తర్వాతి రీలు ఎక్కించిన రెండో ప్రొజెక్టర్ మోటార్ వెయ్యాలి, రెండో చుక్కకు దాని మీదికి మార్చాలి. మామూలు సినిమాలో మార్పు ఒక క్షణం అటూ ఇటూ అయితే ఈల వేసి ఊరుకుంటారు. సస్పెన్స్ సినిమాలో ఆ క్షణం తెల్లతెర పడిందంటే, అంతసేపూ బిగబట్టుకున్న జనం ఒక్కసారిగా సడలిపోతారు. మళ్ళీ వాళ్ళను అక్కడికి తీసుకురావడం ఎవరి వల్లా కాదు. నీకు రీళ్ళు లేవు, లాప్‌టాప్ ఉంది. చుక్కలు పడవు కానీ వాట్సాప్ మెసేజ్‌లు పడతాయి! నెట్ ఆపెయ్యి. స్క్రీన్‌సేవర్, అప్‌డేట్లు, బ్యాటరీ హెచ్చరికలు అన్నీ బంద్ చెయ్యి. ఆన్‌లైన్‌లో నడిపించకు, మధ్యలో చక్రం తిరిగితే అంతా ఆగమవుతుంది. మంచి డిస్కు సంపాదించి, ముందురోజు మొదటి నుంచి చివరిదాకా ఆ హాల్లోనే, ఆ ప్రొజెక్టర్ మీదనే ఒకసారి నడిపి చూడు.

సబ్‌టైటిల్స్ విషయం చాలామంది పట్టించుకోరు, నువ్వు పట్టించుకో. వినపడనివాళ్ళ కోసం తయారుచేసిన సబ్‌టైటిల్స్‌లో మాట్లాడేది ఎవరో పేరు కూడా రాస్తారు. తెర వెనక నుంచి వచ్చే గొంతు ఎవరిదన్నదే గుట్టు అయిన సినిమాలో ఆ పేరు ముందే పడితే ఎట్లా? మాటలు మాత్రమే ఉండే సబ్‌టైటిల్స్ పెట్టు, అవి కూడా ముందే చదువుకో.

సౌండు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ సినిమా ప్రాణం అందులోనే ఉంది. బెర్నార్డ్ హెర్మన్ అనే ఆయన దీనికి ఒక్క తీగ వాయిద్యాలతోనే సంగీతం చేశాడు. వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, బేస్‌లు, అంతే. డప్పు లేదు, బాకా లేదు. బాత్రూమ్ సీనుకు మ్యూజిక్ వద్దనుకున్నాడు హిచ్‌కాక్. హెర్మన్ అయినా చేసి వినిపిస్తే విని మనసు మార్చుకున్నాడు. వయొలిన్లు కీచుమని అరిచే ఆ చోటు ఇప్పుడు లోకమంతటికీ తెలుసు. మీ హాల్లో గోడల పొడుగునా స్పీకర్లు ఉంటాయి కదా, ఉపన్యాసాలకు పెట్టినవి, వాటిని తీయించెయ్యి. ఈ సినిమా సౌండు మోనో, ఒక్క వైపు నుంచే రావాలి. తెర పక్కనే మంచి స్పీకర్లు పెట్టు. వెనక గోడ నుంచి గొంతు వినపడితే పిల్లలు తల తిప్పి చూస్తారు. ఖాళీ హాల్లో సౌండు గంటలా మోగుతుంది, మనుషులు నిండాక సగం వాళ్ళ బట్టలే మింగేస్తాయి. అందుకని టెస్ట్ చేసినప్పటి కంటే ఒక గీత ఎక్కువ పెట్టుకో. సీలింగ్ ఫ్యాన్లు ఆపించు, చలికాలమే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఫ్యాన్ల సప్పుడు ఆగాక గానీ ఈ సినిమాలో ఎంత నిశ్శబ్దం ఉందో తెలియదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. సస్పెన్స్‌లో సగం స్టూడియోలో తయారవుతుంది, మిగతా సగం హాల్లో తయారవుతుంది. ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలో చూసుకోవడమే ఆ రెండో సగం. హిచ్‌కాక్‌కు ఆ సంగతి తెలుసు. రాబర్ట్ బ్లాక్ రాసిన నవల హక్కులు తన పేరు బయటపడకుండా కొనిపించాడు. విమర్శకులకు ముందుగా షో వెయ్యలేదు. 1960లో విడుదలైనప్పుడు, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. అప్పట్లో అమెరికాలో ఆట మధ్యలో వచ్చి కూర్చోవడం మామూలే, అందుకని ఆ షరతు పెద్ద వార్త అయింది. అట్లా ఎందుకు పెట్టాడో సినిమా చూసిన నీకు తెలుసు. ఈ ఉత్తరం నీ తర్వాత ఇంకెవరి చేతికి పోతుందో, అందుకని నేను రాయను.

నువ్వు కూడా అదే చెయ్యి. నోటీస్ బోర్డు మీద పేరు పెట్టకు. ‘1960 నాటి సస్పెన్స్ సినిమా’ అని రాస్తే చాలు. పేరు చూశారంటే మన పిల్లలు ఆ సాయంత్రానికే ఫోన్లో చివరి సీను చూసేస్తారు. టైటిళ్ళు అయ్యేదాకా బయట చాయ్ తాగి నింపాదిగా వచ్చే అలవాటు మనవాళ్ళకు ఉంది, దీనికి అది పనికిరాదు. గీతలు విరిగి కలిసే ఆ టైటిళ్ళు సాల్ బాస్ అనే డిజైనర్ చేసినవి. కడుపులో గుబులు అక్కడే మొదలవుతుంది. టైమ్‌కు తలుపు వేయించు. ప్రిన్సిపాల్ గారికి ముందే పోయి మర్యాదగా చెప్పు, ‘సార్, మీరు కూడా మొదటి నుంచి చూడాలి’ అని. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పూలగుచ్ఛాలు ఆ రోజుకు వద్దు. ఉపన్యాసాలు విని అలసిపోయిన మనిషికి భయం వెయ్యదు.

ముందుమాటగా నువ్వు రెండు నిమిషాల కంటే ఎక్కువ మాట్లాడకు. ఫీనిక్స్ అనే ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో పనిచేసే ఒకామె, బ్యాంకులో వెయ్యమని ఇచ్చిన 40,000 డాలర్లు తీసుకుని కారులో వెళ్ళిపోయింది. అంతవరకే చెప్పు. ఆ రోజుల్లో దాంతో ఒక ఇల్లు వచ్చేదని చెబితే మొత్తం ఎంతో అర్థమవుతుంది. బాత్రూమ్ సీను తియ్యడానికి వారం పట్టిందని, రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారని, కత్తి సప్పుడు కోసం కర్బూజాలాంటి పండును పొడిచారని ఇవన్నీ తర్వాతి కబుర్లు. ముందే చెబితే వాళ్ళు రక్తంలో సిరప్ వెతుకుతూ కూర్చుంటారు.

మొదటి అరగంట పిల్లలు కదులుతారు, గుసగుసలాడతారు. కంగారు పడకు, గద్దించకు. నల్లద్దాల పోలీసాయన కారు కిటికీలోంచి వంగి చూస్తాడు చూడు, ఆయన కళ్ళు మనకు కనపడవు. అక్కడ హాలు దానంతట అదే సద్దుమణుగుతుంది. ఇంటర్వెల్ ఇవ్వకు. ముందే నీళ్ళు తాగించి, బాత్రూమ్‌లకు పంపించి కూర్చోబెట్టు. మధ్యలో ఒకచోట ఊబిలోకి కారు మునుగుతూ మునుగుతూ ఆగిపోతుంది. అప్పుడు నువ్వు తెర చూడకు, పిల్లల మొహాలు చూడు. అది మునిగిపోవాలని హాలంతా ఊపిరి బిగబట్టి కోరుకుంటుంది. అట్లా ఎందుకు కోరుకున్నారు, ఎవరి వైపు నిలబడి కోరుకున్నారు అని తర్వాత వాళ్ళను అడుగు. ఈ సినిమా గురించి అంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు.

అయిపోగానే టపటపా ట్యూబ్‌లైట్లు వెయ్యకు. చివరి అక్షరం పోయేదాకా ఆగి, ఒక్క లైటు వెయ్యి. చర్చ తెలుగులోనే పెట్టు, ఇంగ్లీషులో అడిగితే ముందు వరసలో ఇద్దరే మాట్లాడతారు. రంగులు ఉన్న కాలంలో నలుపు తెలుపులో ఎందుకు తీశాడో వాళ్ళను ఊహించమను. దీనికి ముందు 1959లో వచ్చిన సినిమాను ఆయన రంగుల్లోనే తీశాడు. దీన్ని తన టీవీ షో యూనిట్‌తో, తక్కువ ఖర్చులో తీశాడు. ఎర్ర రక్తం తెర మీద మరీ ఘోరంగా ఉంటుందనీ అనుకున్నాడు. చివర్లో డాక్టర్ వచ్చి అంతా విప్పి చెప్పే సీను సాగదీసినట్టే ఉంటుంది నాకు. పిల్లలు ఆ డాక్టర్ మాట నమ్మారో లేదో అడిగి చూడు.

ఇంకో జాగ్రత్త. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కాలేజీ పనుల్లో భాగంగా పిల్లలకు, స్టాఫ్‌కు, తల్లిదండ్రులకు సినిమా చూపించుకోవచ్చు. టికెట్ పెట్టకు, బయటి జనాన్ని పిలవకు. స్టాఫ్ ఎవరైనా చిన్నపిల్లలను వెంట తెస్తామంటే వద్దని చెప్పు, ఇది వాళ్ళకు తగదు.

ఇది బాగా నడిస్తే వచ్చే నెలకు ‘కానూన్’ వెయ్యి. బి.ఆర్. చోప్రా 1960లోనే తీశాడు, అశోక్ కుమార్, రాజేంద్ర కుమార్, నందా. హిందీ సినిమా అయ్యుండి ఒక్క పాట లేదు. మన నల్లగొండ పిల్లలకు ఉర్దూ, హిందీ చెవికి కొత్త కాదు కాబట్టి సబ్‌టైటిల్స్ బెడద కూడా తక్కువ. ఆ తర్వాత పాటలు కావాలంటే ‘వో కౌన్ థీ’, 1964ది, అదీ నలుపు తెలుపే.

తారీఖు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. ఒకరోజు ముందే వచ్చి ప్రొజెక్టర్ నేను నిలబెడతాను. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ చేయించి ఉంచు, హెచ్‌డీఎంఐ వైరు ఇంకొకటి కొని పెట్టు.

మీ మామ