ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉన్న బండికి వెనక హౌసింగ్‌లో ఏ ఆయిల్ పోయాలి?

అన్నా, మీరు అడిగింది ఇదీ: కర్నూల్లో సెకండ్ హ్యాండ్ సఫారీ స్టోర్మ్ ఫోర్ బై ఫోర్ కొన్నారు, వెనక హౌసింగ్‌లో, అంటే వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ గేర్లుండే పెట్టెలో, ఆయిల్ మార్పించారు, అప్పట్నుంచి యూటర్న్ తిప్పితే వెనక నుంచి గరగరమని శబ్దం, సీటు కింద వణుకు. మెకానిక్ మాత్రం "నైంటీ ఆయిలే పోశాను, ఇంకేం పోస్తారు" అంటున్నాడు. క్రౌన్ పినియన్ (ఇంజిన్ బలాన్ని ఇరుసుకు మళ్లించే గేర్ల జత) పోయిందేమోనని మీకు టెన్షన్.

ముందు ఒక్క పని చేయండి. నాబ్ టూ హైలో (వెనక చక్రాలకే బలం) ఉందో, ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం) ఉందో చూడండి. ఎండిన తార్రోడ్డు మీద ఫోర్ హైలో పెట్టి ఫుల్‌గా తిప్పితే ఏ ఆయిల్ పోసినా బండి పట్టేసినట్టే ఉంటుంది, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య స్పీడు తేడాను సర్దే ఏర్పాటు ఈ బండికి లేదు కాబట్టి. టూ హైలో కూడా అదే శబ్దం వస్తోందంటే అప్పుడు ఆయిల్ సంగతి చూడాలి. మీరు చెప్పిన లక్షణాలు వింటే నాకు నూటికి తొంభై పాళ్లు ఆయిలే అనిపిస్తోంది, క్రౌన్ కాదు. క్రౌన్ పినియన్ అరిగితే నేరుగా పోతున్నప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఏడుపులాంటి శబ్దం వస్తుంది. నిదానంగా మలుపు తిప్పినప్పుడే వచ్చే గరగర మాత్రం ఎల్ఎస్‌డీ లోపలి ప్లేట్లది.

నా బండి కూడా ఇదే మోడల్, నేనూ పాతదే కొన్నాను. మాది ఉరవకొండ వైపు, నల్లరేగడి నేల. ఎండాకాలంలో రాయిలా ఉండే బాట ఒక్క వాన పడితే చాలు టైర్లకు బంకలా అంటుకుంటుంది, మామూలు బండి అయితే ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండోది ఊరికే నిలబడుతుంది. ఎల్ఎస్‌డీ ఉంటే పట్టున్న చక్రానికి కూడా కాస్త బలం పోతుంది కాబట్టి చాలాసార్లు ట్రాక్టర్‌ను పిలిచే అవసరం రాదు. వజ్రకరూరు దిక్కు తొలకరి వానలకు వజ్రాలు ఏరడానికి కార్లేసుకొచ్చి ఇరుక్కుపోయేవాళ్లను చూస్తుంటే ఈ భాగం విలువ బాగా తెలుస్తుంది. అందుకే దాన్ని కాపాడుకోమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను కొన్నప్పుడు నా బండిలోనూ ఇదే గరగర ఉండేది. అమ్మినాయన "ఈ మోడలే అంత" అన్నాడు. ఆయిల్ దింపితే రంగు బాగానే ఉంది, కొత్తదే, కానీ మామూలు 80డబ్ల్యూ-90. లిమిటెడ్ స్లిప్ అని రాసి ఉన్న ఆయిల్ తెప్పించి పోసి, ఖాళీ గ్రౌండ్‌లో ఎనిమిది అంకె ఆకారంలో నిదానంగా రెండు వైపులా తిప్పాను. శబ్దం ముందు తగ్గింది, తర్వాత కొద్దిరోజులకు పూర్తిగా పోయింది. ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

ఎందుకలా అంటే, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ప్లేట్ల రకం ఎల్ఎస్‌డీలో కొన్ని ప్లేట్లు ఇరుసు వైపు గేరుకు, కొన్ని డిఫరెన్షియల్ పెట్టెకు పట్టి ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి, స్ప్రింగు ఒత్తిడితో. మలుపు వచ్చినప్పుడల్లా ఇవి ఒకదాని మీద ఒకటి జారాలి. మామూలు గేర్ ఆయిల్ గేరు పళ్లను కాపాడుతుంది, దాంట్లో గంధకం, భాస్వరం కలిసిన మందులు అందుకే వేస్తారు, కానీ ప్లేట్లు మెత్తగా జారాలన్న ఆలోచన దాంట్లో లేదు. ఆగి ఉన్న ప్లేటును కదిలించడానికి ఎక్కువ బలం, కదిలాక తక్కువ బలం అవసరమవుతుంది, దాంతో పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. ఆ గరగర ఇదే. ఈ తేడాను తగ్గించడానికి కలిపే మందు పేరు ఫ్రిక్షన్ మాడిఫైయర్. ఎల్ఎస్‌డీ ఆయిల్ అంటే అది ముందే కలిపి వచ్చే జీఎల్-5 ఆయిల్, అంతే. ఆయిల్ బ్రేకులున్న ట్రాక్టర్‌లో కంపెనీ చెప్పిన ట్రాక్టర్ ఆయిల్ కాకుండా వేరేది పోస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా ఎలా అరుస్తుందో మన వైపు రైతులకు చెప్పక్కర్లేదు. అక్కడా కారణం ఇదే.

అందుకే మీ మెకానిక్ చెప్పిన "నైంటీ" అబద్ధం కాదు, కానీ సగమే. 90 అనేది చిక్కదనం ఒక్కటే చెబుతుంది. జీఎల్-5 అనేది గేరు పళ్లు ఎంత బరువు తట్టుకుంటాయో చెబుతుంది. ఈ రెండింట్లో ఏదీ ప్లేట్ల గురించి చెప్పదు. డబ్బా మీద మూడో మాట కోసం వెతకాలి: లిమిటెడ్ స్లిప్, లేదా పొట్టిగా ఎల్ఎస్. మోటుల్ 90 పీఏ ఆ పని కోసమే చేసిన మినరల్ ఆయిల్, లిక్వి మోలీలో కూడా ఎల్ఎస్ రకాలున్నాయి. కొనే ముందు బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడుతో సరిపోల్చుకోండి, కంపెనీ ఆయిల్ పేరు రాసి ఉంటే మొదటి ఎంపిక అదే. మన ఊళ్లో షాపుల్లో ఇది ఎప్పుడూ నిలవ ఉండదు. "అదీ ఇదీ ఒకటే సార్" అంటే నమ్మొద్దు, డబ్బా తిప్పి చదవండి, లేకపోతే బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోండి, రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు.

ఎల్ఎస్ ఆయిల్ దొరక్కపోతే మామూలు జీఎల్-5లో మాడిఫైయర్ విడిగా కలుపుకోవచ్చు. అమెరికా బండ్లకు అమ్మే చిన్న సీసాలు చాలావరకు 4 ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు. సీసా మీద రాసిన మోతాదే వేయాలి. "ఎక్కువ వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది కదా" అనుకోవద్దు, మరీ ఎక్కువైతే ప్లేట్లు అసలు పట్టుకోవు, బురదలో అది మామూలు డిఫరెన్షియల్‌లాగే అయిపోతుంది. ఎల్ఎస్ అని రాసి ఉన్న ఆయిల్‌లో మళ్లీ మాడిఫైయర్ కలిపినా ఇదే నష్టం.

75డబ్ల్యూ-90 మంచిదా, 80డబ్ల్యూ-90 మంచిదా, 85డబ్ల్యూ-140 మంచిదా అని కూడా అడిగారు. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యూ మైనస్ 40 డిగ్రీల దాకా, 80డబ్ల్యూ మైనస్ 26 దాకా, 85డబ్ల్యూ మైనస్ 12 దాకా పారాలని లెక్క. మన సీమలో ఆ చలి ఎక్కడిది? కాబట్టి మీరు చూడాల్సింది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో 90 గ్రేడు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, 140ది 24 నుంచి 32.5 మధ్య. కర్నూలు మే నెల ఎండకు 140 పోస్తే మంచిదని పాత లారీ మెకానిక్‌లు అంటారు, ఎక్కువ లోడు వేసుకుని ఘాట్లు ఎక్కే బండికి ఆ మాటలో అర్థం ఉంది. మీరు ఫ్యామిలీతో తిరిగే బండి, ఎప్పుడో ఒకసారి శ్రీశైలం ఘాట్ ఎక్కుతారు, దానికి మాన్యువల్ చెప్పిన గ్రేడే చాలు. అనవసరంగా చిక్కటిది పోస్తే మైలేజీ కొంచెం తగ్గడం తప్ప లాభం లేదు.

ఈ జవాబు చదివే వేరే బండ్లవాళ్లకు ఒక మాట. ఎల్ఎస్‌డీలన్నీ ఒకటి కావు, ఎల్ఎస్ ఆయిల్ అన్నిటికీ అవసరం లేదు. టోర్సెన్ లాంటి పూర్తి గేర్ల రకానికి మామూలు జీఎల్-5 చాలు, ఈటన్ వాళ్ల ట్రూట్రాక్‌కు మాడిఫైయర్ వద్దని ఆ కంపెనీయే చెబుతుంది. బొలేరో నియో ఎన్10 ఆప్షన్‌లో, థార్ కొన్ని వేరియంట్లలో వచ్చే ఎంఎల్‌డీ (మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్) వేరే సంగతి, అది చక్రం గిర్రున తిరిగినప్పుడు మాత్రమే లాక్ అవుతుంది, మాన్యువల్‌లో ఉన్న ఆయిల్ తప్ప సొంతంగా ఏ మందూ కలపొద్దు. గూర్ఖా లాంటి బండిలో డ్రైవరే చేత్తో వేసే లాక్ ఉంటుంది, అక్కడ జారే ప్లేట్ల సమస్యే లేదు.

ఏ రకమో తెలియకపోతే రెండు వెనక చక్రాలూ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేకు వదిలి ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది కూడా అదే వైపు తిరిగినా, తిప్పడానికి బాగా బరువుగా ఉన్నా ప్లేట్ల రకం అయ్యుండాలి. ఎదురు తిరిగితే మామూలుది, కానీ ఎంఎల్‌డీ కూడా నిదానంగా తిప్పితే అలాగే కనిపిస్తుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తేల్చేయొద్దు. ఇంకోటి, ప్రాణాలతో పని: ఎల్ఎస్‌డీ బండిని ఒక్క వెనక చక్రమే ఎత్తి ఇంజిన్ ఆన్‌లో గేరు వేయొద్దు. కింద ఉన్న చక్రం లాగి బండి జాకీ మీది నుంచి దూకుతుంది.

మార్చేటప్పుడు దగ్గరుండండి. ఆయిల్ నింపే పై బోల్టు ముందు విప్పించండి, అది తుప్పు పట్టి రాకపోతే కింద ఆయిల్ దింపేసిన తర్వాత చిక్కులో పడతారు. బండి కాస్త తిప్పి వేడిగా ఉన్నప్పుడే దింపితే మురికి మొత్తం వస్తుంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి నల్లటి మెత్తటి పేస్టు ఉండటం మామూలే, ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం హౌసింగ్ తెరిపించాలి. పై రంధ్రం అంచుకు ఆయిల్ వచ్చేదాకా పోస్తే సరిపోతుంది. మిగిలిన ఎల్ఎస్ ఆయిల్ గేర్‌బాక్స్‌లో పోయనివ్వొద్దు, అక్కడ గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాలు కలిపే సింక్రో రింగులకు పట్టు కావాలి, జారుడు కాదు.

వానాకాలంలో వంకలు దాటే అలవాటుంటే హౌసింగ్ మీదున్న బ్రీతర్ (లోపలికీ బయటికీ గాలి ఆడే దారి) కూడా చూపించండి. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగగానే చల్లబడి లోపలికి గాలి పీలుస్తుంది, సీళ్లు పాతవైతే నీళ్లే పీలుస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే కిలోమీటర్లు లెక్క చూడొద్దు, వెంటనే దింపేయండి. బ్రీతర్ మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఇరుసు సీళ్లు లీకై ఆయిల్ బ్రేకుల్లోకి దిగుతుంది, అది ఇంకా పెద్ద సమస్య.

సరైన ఆయిల్ పోసి, ఎనిమిది అంకె తిప్పుళ్లు తిప్పి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపినా శబ్దం అలాగే ఉంటే ప్లేట్లు కాలి గాజులా నున్నబడి ఉంటాయి, అప్పుడు విప్పాల్సిందే. అంతదాకా ఎవరైనా "క్రౌన్ సెట్ మార్చాలి" అంటే ఒప్పుకోవద్దు. మీ మెకానిక్ పోసిన ఆయిల్ డబ్బా ఇంకా షెడ్డులో ఉంటే దాని వెనక వైపు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఎల్ఎస్ ఉందో లేదో చూసి చెబుతాను.