అంబాసిడర్‌లో హారన్ రిలేను గుర్తించి పరీక్షించే పద్ధతి

నమస్కారమండి. మీ పాత అంబాసిడర్ బానెట్ కింద ఒకేలా ఉన్న రెండు రిలేలలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) హారన్‌ది ఏదో తెలియడం లేదనీ, వాన పడితే హారన్ మోగడం లేదనీ రాశారు. ఒకరిని హారన్ బటన్ నొక్కమని, మీరు రిలేలపై వేలు ఆనించి ఉంచండి. టక్కుమన్నదే హారన్ రిలే.

టక్కుమన్నా హారన్ మోగకపోతే కాయిల్ (రిలేలోని స్విచ్చును లాగే తీగచుట్ట) పనిచేస్తున్నట్టే. రిలే పిన్నుల దగ్గర అంకెలు రాసి ఉంటాయి. 30 పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, బటన్ నొక్కినప్పుడు అది 87కు చేరాలి; 85, 86 కాయిల్‌వి. పాత లూకాస్ రకమైతే కాయిల్‌కు డబ్ల్యూ1, డబ్ల్యూ2 అనీ, కాంటాక్టులకు (కరెంటును కలిపే బిళ్లలకు, అంటే 30, 87 పిన్నుల చోట) సీ1, సీ2 అనీ రాసి ఉంటుంది. వైర్లు తీయకుండా, బటన్ నొక్కి ఉంచి, 30కీ 87కీ మధ్య వోల్టు మీటరు పెట్టినప్పుడు అర వోల్టు దాటితే కాంటాక్టులు కాలిపోయాయన్నమాట. సున్నాకు దగ్గరగా ఉంటే రిలేను వదిలేసి, హారన్ దగ్గరి వైరుకూ ఎర్తు బోల్టుకూ పట్టిన పచ్చటి చిలుమును గీకి శుభ్రం చేయండి. మన వరంగల్ వానాకాలంలో నా అనుమానమంతా ఆ బోల్టు మీదే.

అసలు టక్కుమనకపోతే బటన్ వైరు చూడాలి.

కొత్త రిలే కొనేటప్పుడు, హన్మకొండ దుకాణంలో అయిదు పిన్నులది ఇస్తే, హారన్ వైరును 87ఏకు (బటన్ నొక్కనప్పుడు 30తో కలిసి ఉండే పిన్నుకు) తగిలించకండి. బటన్ ముట్టుకోకుండానే హారన్ ఆగకుండా మోగుతుంది.