పులి నిద్రపోతే జూలో ఇంకేం చూడాలి?

ప్రశ్న: మా బిడ్డలిద్దరికీ ఎనిమిది, పదేళ్లు. జూకు తీసుకెళ్తే పులి నిద్రపోతోంది, సింహం కనబడలేదు, అరగంటకే ఇంటికి పోదామన్నారు. బోనులు కాకుండా నిజమైన అడవి చూపించాలంటే ఎక్కడికి పోవాలి?
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు అదే జూకు ఇంకోసారి వెళ్లండమ్మా. 1987లో పెట్టిన మన శ్రీ వేంకటేశ్వర జూ పార్కు 5,500 ఎకరాల పైమాటే. అందులో జంతువుల్ని ఉంచింది కొంచెం మేరే, మిగతాదంతా శేషాచలం కొండల కిందున్న అడవే. గేటు తీసే వేళకు వెళ్లండి, ఎండెక్కితే పిట్టలు కూడా నీడకు చేరతాయి. ఎర్రచందనం చెట్టు ఎక్కడుందో సిబ్బందిని అడగండి. దాని బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి నల్లగా ఉంటుంది, ఎరుపంతా లోపలి చేవలోనే. కింద రాలిన కాయ దొరికితే బిడ్డల అరచేతిలో పెట్టండి: గుండ్రంగా, పల్చగా, మధ్యలో గింజ ఉబ్బుగా, చుట్టూ కాగితంలాంటి రెక్క. గాలికి అదెట్లా ఎగిరిపోతుందో వాళ్లే చెప్తారు. చూశాక అక్కడే వదిలేయమనండి.

ఒక రోజంతా తీరిక ఉంటే తలకోన. కింద ముళ్లపొదలు, ఎండు అడవి చూసిన కళ్లకు అక్కడ వాగు పక్కన చల్లటి చీకటి, చెట్టు నుంచి చెట్టుకు పాకిన గిల్లతీగలు వేరే లోకంలా ఉంటాయి. 270 అడుగుల జలపాతం సరే, అందరూ దాని దగ్గరే ఫొటోలు దిగి వచ్చేస్తారు, నాకు బాధనిపించేది అదే. ఈ కొండల్లో తడి బండల చీలికల్లో బంగారు బల్లి ఉంటుంది. మగది పసుపుపచ్చగా మెరుస్తుంది, ఆడవి చాలా కలిసి ఒకేచోట రాతికి గుడ్లు అంటించి పెడతాయి. కనబడితే దూరం నుంచే చూడండి, టార్చి వేయొద్దు. దేవాంగ పిల్లి కూడా ఉంది, పేరుకే పిల్లి, నిజానికి కోతి జాతికి దగ్గరి చిన్న జంతువు, కానీ అది రాత్రిళ్లే తిరుగుతుంది, దానికోసం ఆగొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. చీకటి పడేలోపు అడవి దాటేయండి, బిడ్డల చెయ్యి వదలొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిబిడ్డను పొట్టన పెట్టుకుంది, అది మరచిపోకూడదు. కోతులకు తిండి పెట్టొద్దు.

ఇద్దరికీ చెరో నోట్‌బుక్ ఇచ్చి, పేరు తెలియని ఆకుల్నీ పిట్టల్నీ బొమ్మ గీయమనండి. ఆ బొమ్మలు నాకు పంపండి, పేర్లు కనుక్కుని చెప్తాను.