జ్ఞాపకశక్తి బాగానే ఉండి మనిషే మారిపోతే, అది మెదడు జబ్బు కావచ్చా?

మీ నాన్నగారికి 57 ఏళ్లు, పేర్లు, లెక్కలు, దారులు అన్నీ గుర్తున్నాయి, కానీ మొండిగా, జాలి లేకుండా తయారయ్యారు, ఇది జబ్బేనా అని అడిగారు. కావచ్చు. మా పెద్దబాపుకు అదే అయింది.

మాది హనుమకొండ. ఆయనది ఎనుమాముల మార్కెట్‌లో పత్తి వ్యాపారం. ఎవరి మీదా గొంతు లేపని మనిషి. అలాంటాయన పక్కింట్లో దినాలకు పోయి, ఏడుస్తున్నవాళ్ల ముందే ఇంకో స్వీటు వెయ్యమని నవ్వాడు. మేడారం మొక్కుకు తెచ్చిన బెల్లం రాత్రికి రాత్రే సగం తినేశాడు. పెద్దమ్మ జ్వరంతో మూలుగుతుంటే టీవీ సౌండ్ పెంచుకునేవాడు. పోయినేడు పత్తి ధర అడిగితే మాత్రం టక్కున చెప్పేవాడు! గాలి సోకిందన్నారు కొందరు. ఒక డాక్టరైతే టెన్షన్ అని నిద్రమాత్రలు రాశారు. చివరికి న్యూరాలజిస్ట్ ఎమ్మారై చూసి ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అన్నారు, అంటే మెదడు ముందు, పక్క భాగాలు కుంచించుకుపోయే జబ్బు.

మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు జట్లు కట్టి పనిచేస్తాయి. ఊరికే కూర్చుని పాత సంగతులు తలచుకునేటప్పుడు పనిచేసే జట్టు డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్. 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం దాని గురించి రాసింది. అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసేది ఎక్కువగా దీన్నే, అందుకే మతిమరుపు. సేలియన్స్ నెట్‌వర్క్ అని ఇంకోటి ఉంది. ఎదుట ఉన్నవాటిలో ఏది ముఖ్యం, ఎవరి బాధ పట్టించుకోవాలి అన్నది పసిగట్టేది అదే. మా పెద్దబాపుకు వచ్చిన, ప్రవర్తన మారే రకంలో మొదట పాడయ్యేది ఇదే. 2009లో న్యూరాలజిస్ట్ విలియం సీలీ బృందం మెదడు క్షీణించే ఐదు రకాల జబ్బులను పరిశీలిస్తే, ఒక్కోదానిలో మెదడు కుంచించుకుపోయిన చోట్లు ఆరోగ్యవంతుల్లోని ఒక్కో నెట్‌వర్క్‌తో సరిపోలాయి.

ఇదంతా తెలిసినా పెద్దమ్మకు ఇప్పటికీ కోపం వస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది?

ఈ జబ్బును నయం చేసే మందు లేదు. అల్జీమర్స్ మాత్రలు దీనికి పనిచేయవు, కొందరిలో ప్రవర్తన ఇంకా చెడుతుంది కూడా. అయితే థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ కూడా మనిషిని మార్చేస్తాయి, ముందు అవి చూపించండి. న్యూరాలజిస్ట్ దగ్గర ఇంటివాళ్లు విడిగా మాట్లాడాలి, ఎందుకంటే మీ నాన్నగారు తనకేం కాలేదనే అంటారు. ఎప్పటినుంచి ఏం మారిందో కాగితం మీద రాసుకుపోండి. బ్యాంకు, భూమి కాగితాలు మాత్రం ఇప్పుడే జాగ్రత్త చేసుకోండి. మా పెద్దబాపు ముక్కూమొహం తెలియనివాళ్లకు అప్పులిచ్చాడు, ఒక్క రూపాయి తిరిగి రాలేదు.